పేరొకటి, వ్రాతలు పెక్కు

పాఠశాల తెరచిన తొలివారమున హాజరుపట్టీ చదువునపుడు ఒక వినోదము జరుగుచుండును. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు ఆంగ్లాక్షరములలో నున్న పేరును చూచి 'టాటయ్య' అని పిలుచును, ఎవ్వరును పలుకరు. రెండవమారు పిలుచును. అపుడు వెనుకబల్లనుండి తాతయ్య అను బాలుడు మెల్లగా లేచి నిలుచును. తరగతియంతయు నవ్వును. ఆంగ్లమున తకారమునకును టకారమునకును ఒకే అక్షరముండుటచే గలిగిన ఈ చిక్కు ఆ పూటతో తీరిపోవును. ఏలయన పిలువబడినవాడు ఎదుటనే యున్నాడు. అతడు నూరేండ్ల క్రిందట సముద్రము దాటిపోయి, పట్టీ మాత్రము మిగిలియున్నచో ఆ పేరును సరిగా పలుకువారెవరు? మా యింటి చరిత్రమును వెదకుచు మేము కొన్ని సంవత్సరములు ఈ ప్రశ్నతోనే కాపురము చేసితిమి. అందు తెలిసిన సంగతులు విద్యార్థులకును వారి తలిదండ్రులకును కొంత ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాము.

మాది శ్రీకాకుళ ప్రాంతపు పల్లెటూరు. మా ముత్తాతగారికి ఒక తమ్ముడుండెను. పేరు అప్పలస్వామి. సింహాచలపు అప్పన్న పేరు పెట్టుకొనని ఇల్లు ఆ కాలమున మా ప్రక్కల అరుదు. అన్న మిషనువారి బడిలో నాలుగక్షరములు నేర్చి, బాప్తిస్మము పొంది, ఊరనే యుండిపోయెను. తమ్ముడు ఇరువదిరెండేండ్ల ప్రాయమున, 1904లో, కూలికై నెటాలు దేశమునకు పోయెను. పోయినవాడు పోయినట్లే యుండెను. జాబు రాలేదు, పైకము రాలేదు. తల్లి గడపలో కూర్చుండి ఎదురు చూచి చూచి కన్నుమూసెనట. నాటినుండి మా యింట అతని మాట యెత్తవలసివచ్చినపుడు 'ఆ మరచినవాడు' అనుటయే వాడుకయైనది. మా మేనత్తగారికి ఇప్పుడు తొంబదియొక్క సంవత్సరములు. ఈ కథను ఆమె చిననాట తన నాయనమ్మ నోట వినిరి. ఒకనాడు ఆమె మాతో, "బాబూ, ఆయన మనలను నిజముగా మరచెనో లేదో నేను పోకముందు తెలిసికొని చెప్పు" అనిరి. ఈ వెదకులాట కంతటికిని కారణమిదియే.

మొదటి చిక్కు దూరదేశమున గాక మా యింటనే యెదురైనది. తమ్ముని పోల్చుటకు ముందు అన్నను స్థిరపరచుకొనవలయును గదా! ముత్తాతగారు బాప్తిస్మమున యాకోబు అను పేరు పొందిరి. సంఘపు తెలుగు పట్టీలో 'యాకోబు, తండ్రి సూరయ్య' అని యున్నది. దొరగారు ఆంగ్లమున వ్రాసియుంచిన పట్టీలో అదే తేదీని, అదే యూరినుండి బాప్తిస్మము పొందినవాడు జేమ్స్. కొన్నియేండ్లకు వివాహపు పట్టీలో జేకబ్. భూమి పట్టాలో పూర్వనామమైన రాములు. కాగితములు మాత్రమే చూచువారికి వీరు నలుగురు మనుష్యులు. కాని మన తెలుగు బైబిలు నెరిగినవారికి ఇందు రహస్యమేమియు లేదు. ఇస్సాకు కుమారుడగు జేకబును యాకోబే. జెబెదయి కుమారుడగు జేమ్సును యాకోబే. హెబ్రీయమున ఒకటిగా నుండిన పేరు గ్రీకు, లాటిను భాషలగుండ పశ్చిమమునకు పోవుచు ఆంగ్లమున రెండుగా చీలెను. తెలుగున మరల ఒకటిగా కూడెను. యూదా యను పేరు ఇంకను విచిత్రము. ఆంగ్లమున జూడా, జ్యూడ్, జూడస్ అని మూడు పేరులైనవారు మనకు మువ్వురును యూదాలే. కావున తెలుగు పట్టీనుండి ఆంగ్లపు పట్టీకి పోవువారు ఒక్క పేరునకు బదులు రెండు మూడు పేరులు వెదకుట అవసరము.

రోమను కతోలిక కుటుంబములలో మరియొక మెట్టు కలదు. వారి పాతపేరులు తమిళ క్రైస్తవుల వాడుకకు దగ్గరగా నుండును. పేతురు రాయప్ప యగును. పౌలు చిన్నప్ప యగును. జేవియరు శౌరి యగును. చిన్నప్పగారి మనుమడు తాతపేరు పెట్టుకొని కళాశాల పట్టీలో పాల్ అని కనబడినచో అది పేరు మార్చుట కాదు, నిలుపుకొనుటయే.

మా ముత్తాతగారి విషయమున పేరులు నాలుగైనను తండ్రి పేరొక్కటే, ఊరొక్కటే, పొలపు హద్దులొక్కటే. వానివలననే నలుగురును ఒక్కరని తేలెను. పేరును పేరుతో పోల్చుటకన్న, పేరు ప్రక్కనున్న సంగతిని మరియొక పేరు ప్రక్కనున్న సంగతితో పోల్చుట మేలని మాకు అప్పుడే తోచినది.

ఇక ఊరిపేరు. మా యూరిపేరు చివర 'వలస' అను మాట యున్నది. ఉత్తరాంధ్రమున ఇట్టి యూళ్లు పెక్కు. ఎచ్చటనుండియో వచ్చినవారు దిగిన చోటులు కాబోలు. ఆ 'వలస'ను కొందరు వ్రాతగాండ్రు 'వి' అక్షరముతో మొదలుపెట్టిరి, కొందరు 'డబ్ల్యు'తో మొదలుపెట్టిరి. కొందరు నడిమి అకారమును మ్రింగి 'వల్స' యనిరి. జిల్లా సంగతి అంతకు మించినది. మా తాలూకా ముఖ్యస్థానమగు శ్రీకాకుళము ఆంగ్లేయుల దస్తరములలో చికకోల్. 1936 వరకు అది గంజాము జిల్లాలోనిది. ఆ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజాము జిల్లాలో చాలభాగము అటు పోగా, మా తాలూకా విశాఖపట్టణపు జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా క్రొత్తగా ఏర్పడెను. ఇల్లు కదలకయే ఒక కుటుంబము మూడు జిల్లాల కాపురస్థులైనది! 1904 నాటి కాగితములలో శ్రీకాకుళము జిల్లా అని వెదకువానికి దొరకునది శూన్యము.

ఆంగ్లాక్షరములలో మన పేరులు ఏల ఇన్ని రూపములు పొందెనో కొంచెము నిదానించి చూడవలయును. ఆంగ్లమున నున్నవి ఇరువదియారు అక్షరములు. తకారటకారములకు భేదము లేదు, దకారడకారములకు లేదు. నకారణకారములు, లకారళకారములు ఒకటే. హ్రస్వదీర్ఘములు చదువువాని దయ. పైగా పూర్వపు దొరలు చెవికి వినబడినదానిని తమ భాషాభ్యాసమున తోచినట్లు వ్రాసిరి. మన హ్రస్వాకారము వారి చెవికి 'కప్' అను మాటలోని 'యు' వలె వినబడెను. పంజాబు పేరులో రెండవ యక్షరము నేటికిని 'యు'గా నిలిచియుండుట అందుచేతనే. ఊకారమునకు రెండు 'ఓ'లు, ఈకారమునకు రెండు 'ఇ'లు వారి వాడుక. కృష్ణానదిని 'కిస్ట్నా' యని వ్రాసి, ఒక జిల్లాకు సర్కారువారు ఆ పేరే పెట్టిరి. 1870 తరువాత హంటరుదొర పద్ధతిని ప్రభుత్వమంగీకరించి అక్షరములకు కొంత కట్టుబాటు కల్పించెను. కాని ఆ కట్టుబాటు అచ్చుపడిన గ్రంథములలో నిలిచినంతగా రేవుగట్టున కూర్చున్న గుమాస్తా కలమున నిలువలేదు. నెటాలు పోవు తెలుగువారు ఓడయెక్కునది చెన్నపట్నమున. తమిళలిపిలో కగలకు, తదలకు, పబలకు వేరువేరు అక్షరములు లేవు. తెలుగు నోటినుండి తమిళ చెవికి, అచటినుండి ఆంగ్లపు కలమునకు పోయిన పేరు ఎన్ని ముడుతలు పడునో ఊహింపవచ్చును.

తెలుగున వ్రాసిన పట్టీలు మాత్రము నిర్దోషములా యనిన, కావు. ఎల్లమ్మ ఒకచోట యెల్లమ్మ, ఓబయ్య ఒకచోట వోబయ్య, శేషమ్మ సేసమ్మ. అకారాది సూచికలో వీరు పదిపుటల దూరమున నుందురు. ఒకచో ఇంటిపేరు ముందు, ఒకచో వెనుక, ఒకచో ఒక్క పొడియక్షరముగా మిగిలియుండును.

ఇచట తలిదండ్రులకు ఒక మనవి. నేటి పిల్లవాని పేరు పదవ తరగతి పత్రమున ఒకరీతి, ఆధార్ కార్డున ఒకరీతి, పాస్‌పోర్టున ఇంకొకరీతి యుండుట మేము తరచుగా చూచుచున్నాము. బడిలో చేర్చునాడు ఆంగ్లపు వ్రాతను మీరే ఒక కాగితముమీద వ్రాసి తెండు. క్రింద తెలుగున గూడ వ్రాయుడు. ఉద్యోగపువేళ పరుగులు తప్పుటయే కాక, నూరేండ్లకు మీ మునిమనుమడు మిమ్ము దీవించును.

పేరులను వ్రాతనుబట్టి గాక ధ్వనినిబట్టి కూర్చవలెనను ఆలోచన అమెరికాలో పుట్టినది. రాబర్టు రస్సెల్ అను నతడు 1918లో దీనికి హక్కుపత్రము పొందెను. ఈ పద్ధతిని సౌండెక్స్ అందురు. ఆ దేశపు జనాభా లెక్కల సూచికలు కొన్ని దీనినిబట్టియే కూర్పబడినవి. పేరులోని మొదటి యక్షరమును అట్లే యుంచి, తరువాతి అచ్చులను విడిచి, ఒక తీరున వినబడు హల్లులకు ఒకే అంకె యిచ్చి, మూడంకెలతో ముగింతురు. బియు, పియు, వియు ఒక అంకె. డియు, టియు ఒక అంకె. ఎమ్‌యు, ఎన్‌యు ఒక అంకె. విద్యార్థులు తమ పేరులకు కట్టి చూచుకొనవచ్చును, మంచి ఆట. నాయుడు అను మాట మనదేశమున చివర ఒక్క 'యు'తో, దక్షిణాఫ్రికాలో రెండు 'ఓ'లతో వ్రాయబడుచున్నది; సౌండెక్స్ రెంటిని 'ఎన్ 300' అని చక్కగా ఒకచోట చేర్చును. కాని వెంకటస్వామిని 'వి'తో వ్రాసిన 'వి 523', 'డబ్ల్యు'తో వ్రాసిన 'డబ్ల్యు 523'. మొదటి యక్షరము మారినందున వారిద్దరు ఎన్నడును కలియరు. కృష్ణ 'కె 625' కాగా కిస్ట్న 'కె 235'. ఆంగ్లపు చెవికి కుట్టిన చొక్కా తెలుగు మేనికి కొంత బిగువు, కొంత వదులు. అయినను చొక్కా లేకుండుటకన్న మేలు.

ఈ సామగ్రితో మేము నెటాలు పట్టీల యొద్దకు పోయితిమి. 1860 నవంబరు 16వ తేదీని ట్రూరో అను ఓడ చెన్నపట్నమునుండి వచ్చి డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు, నడుమ కొన్నియేండ్లు తప్ప, మనదేశమునుండి ఒడంబడిక కూలీలుగా ఆ దేశమునకు పోయినవారు లక్ష యేబదిరెండు వేలకు పైబడినవారు. వారిలో ఎక్కువమంది చెన్నపట్నమున ఓడ యెక్కినవారే. ప్రతి మనుష్యునికి ఒక సంఖ్య. సంఖ్య ప్రక్క పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, మేనిమీది గుర్తులు. ఆ పట్టీలను పలువురు శ్రమపడి కంప్యూటరులో చేర్చినందున మేము మా యింటనే కూర్చుండి వెదకగలిగితిమి.

అప్పలస్వాములు పెక్కుమంది దొరకిరి. ఏండ్లనుబట్టి, వయస్సునుబట్టి విడదీయగా ఇద్దరు మిగిలిరి. మొదటివాని పేరు మేమైతే ఎట్లు వ్రాయుదుమో అక్షరమునకక్షరము అట్లే యున్నది, తండ్రి సూరయ్య, జిల్లా విశాఖపట్టణము. రెండవవాని పేరు 'ఎ, పి, యు, ఎల్, ఎ, ఎస్, ఎ, డబ్ల్యు, ఎమ్, వై' అని యున్నది; దానిని 'అపులసామి' యని చదువుకొనవలెను. తండ్రి సూరయ్య కాడు, 'సూరుడు'. పేరును మాత్రమే నమ్మువారు మొదటివానిని కౌగిలించుకొని యింటికి తెచ్చుకొందురు. కాని అతని గ్రామము సముద్రతీరపుది. 'వలస' మాటయే లేదు. రెండవవాని జిల్లా గంజాము, తాలూకా చికకోల్, గ్రామము చివర 'డబ్ల్యు, యు, ఎల్, ఎస్, ఎ'. సూరుడన్నది సూరయ్యయే. కూలివాని తండ్రికి 'అయ్య' ఏలయని వ్రాతగాడు తలచెను కాబోలు. ఆ కాలపు కాగితములలో బీదవాని పేరుచివర గౌరవము నిలుచుట కష్టము.

మేనత్తగారు మాకు ఒక సంగతి ముందే చెప్పియుండిరి. అన్నదమ్ములు చిన్నవారైయుండగా దున్నుచున్న యెద్దు తలవిసరిన, కొమ్ము తగిలి తమ్ముని యెడమ కనుబొమ చీలెనట. రెండవవాని గుర్తుల గడిలో 'ఎడమ కనుబొమపై మచ్చ' అని యున్నది. గుమాస్తా పేరును ఎట్లు విన్ననేమి, మచ్చను కన్నులతో చూచి వ్రాసెను.

మనిషి దొరకిన పిమ్మట అతని సంఖ్యయే మాకు చేతికఱ్ఱ యైనది. నెటాలు కాగితములలో పేరు ఎన్ని వేషములు వేసినను సంఖ్య మారదు. పెండ్లి పట్టీలో అతడు 'ఆపెల్‌సామి', మరణపు పట్టీలో 'అప్పల్‌సమి'. సంఖ్య మాత్రము ఓడలో నిచ్చినదే. ఒడంబడిక అయిదేండ్లు. మగవానికి మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగుల జీతము. అయిదేండ్లు ముగిసినపిదప మరల ఒడంబడిక చేసికొనక, స్వదేశమునకును పోక అచటనే నిలిచినవాడు సంవత్సరమునకు మూడు పౌనుల పన్ను కట్టవలెనని 1895లో ఒక చట్టము చేయబడెను; 1914లో గాని అది రద్దు కాలేదు. మూడు పౌనులన అరువది షిల్లింగులు, తొలియేటి జీతమున ఆరునెలలది. పైకము రాలేదని మా యింట నూరేండ్లు నిష్ఠురమాడినవారికి ఈ లెక్క తెలియదు.

మరియొక సంగతి. మన తెలుగువారి ఇంటిపేరులు ఆ దేశమున చాలవరకు ఊడిపోయినవి. ఆంగ్లపు పద్ధతిలో కడపటి పేరు కావలెనని గుమాస్తాలడుగగా కొందరి బిడ్డలకు నాయుడు, రెడ్డి, చెట్టి వంటివి ఇంటిపేరులైనవి. కొందరికి తండ్రి పేరే ఇంటిపేరైనది. మా చినముత్తాతగారి సంతతికి అప్పలస్వామి యన్నది ఇంటిపేరు. మా యింటిపేరుతో ఎంత వెదకినను వారు దొరకకపోవుటకు కారణమిది.

ఆయన పెద్దకూతురు 1911లో పుట్టెను. ఆమె పేరు 'పి, ఎ, డి, ఇ, టి, యు, ఎల్, ఎల్, వై'. దీనిని మేము పడెతుల్లి యంటిమి, పాదితుల్లి యంటిమి. ఏ నిఘంటువునను కుదురలేదు. ఒక సాయంకాలము మేనత్తగారి యొద్ద కూర్చుండి ఆ కాగితము చదివి వినిపించితిమి. ఆమెకు కన్ను ఆనదు, ఆంగ్లము రాదు.

"మరల చదువు బాబూ" అనిరి. చదివితిమి.

"చివరిమాటను తుల్లి యనక, దొరలు పలికినట్లు పలుకుము."

దొరల 'యు' మన అకారమని తోచి, 'తల్లి' యంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, "పైడితల్లి. అది మా తాతల తల్లి పేరు" అనిరి.

మా యింట పరిశుద్ధ గ్రంథపు తొలిపుటలలో వంశక్రమము వ్రాసియుంచుట ఆచారము. అందు సూరయ్యగారి భార్య పేరున్న చోటు ఖాళీగా నున్నది. సంఘపు పట్టీలో తండ్రి పేరేగాని తల్లి పేరు లేదు, పట్టాలో లేదు, ఎచటను లేదు. విజయనగరపు పైడితల్లమ్మ పేరు పెట్టుకొన్న ఆ యిల్లాలు గడపలో కూర్చుండి ఎదురు చూచిన ముసలితల్లిగా మాత్రమే మాకు తెలియును. ఈ పేరు ఇన్నాళ్లు ఏల చెప్పలేదని అడుగగా మేనత్తగారు, "ఆడవాండ్ర పేరులు ఎవరడిగిరి బాబూ?" అనిరి. పిదప తమలో తాము అనుకొనుచున్నట్లు, "మరచినవాడు కూతునకు అమ్మ పేరు పెట్టునా?" అనిరి. ఆ రాత్రి ఆమె భోజనము చేయలేదు. మరునాటినుండి ఆయనను 'చినతాత' యని పిలుచుచున్నారు. తొంబదియొక్క యేండ్లలో ఇదియే తొలిసారి.

డర్బన్ నగరముననున్న ఒక మిత్రునిద్వారా ఆ కుటుంబమువారికి జాబు వ్రాసితిమి. రెండు మాసములకు ప్రత్యుత్తరము వచ్చెను; ఆంగ్లమున నున్నది, వారికి తెలుగు చదువను వ్రాయను రాదు. తమ యూరిపేరు 'ఓల్సా' యని తాతల నోట విన్నామని వ్రాసిరి. తమ యింటిపేరు తెలుగక్షరములలో ఎట్లుండునో చూడవలెనని కోరిక, పంపగలరా యని యడిగిరి. మేము దళసరి కాగితముమీద పెద్ద యక్షరములతో అప్పలస్వామి అని వ్రాసితిమి. మేనత్తగారు చేతితో తడవి, అది ఒక్కటేనా యని, క్రింద పైడితల్లి అనియు వ్రాయించిరి. ఆ కాగితము గడచిన మాసమున టపాలో పోయినది.